నలభై ఒకటో పెట్టె

మా బావకి ఒక జబ్బుంది. ఉబ్బసం కాదు, అది వేరే ఉంది. నేను చెబుతున్నది టేపు జబ్బు. వస్తువు కంటపడితే చాలు, దానికి కాగితం చుట్టి, కాగితం మీద బుడగల షీటు చుట్టి, ఆ పైన టేపు లాగి అతికించేదాకా ఆయన చేతులు ఊరుకోవు. పెళ్ళైన కొత్తలో అక్క పుట్టింటికి వస్తుంటే ఆమె పెట్టెకి నాలుగు వైపులా టేపు వేసి పంపించాడు. అమ్మ దాన్ని కత్తితో కోసి తెరుస్తూ, అల్లుడు నిన్ను పంపించాడా, పార్సిల్ చేశాడా అని అడిగింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆయన టేపు బావ.

ఇళ్ళు మారేవాళ్ళ సామాను కట్టి, లారీకెక్కించి, కొత్త ఇంట్లో దించే కంపెనీ మాది. మాది అంటే మేం జీతానికి చేసేది. బావ అందులో ఇరవై రెండేళ్ళుగా ప్యాకరు. నేను ఆరేళ్ళుగా ఆఫీసులో కూర్చుని ఫోన్లు ఎత్తుతాను, లారీలు మాట్లాడతాను, ఎవరు ఎన్నింటికి ఎక్కడుండాలో చెబుతాను. అంటే ఇంట్లో బావగారు, బయట నా మాట వినాల్సిన పనివాడు. అక్కా వాళ్ళింట్లోనే నేనూ ఉంటాను కాబట్టి ఈ గొడవ పొద్దున్న టీ దగ్గర మొదలై రాత్రి కంచాల దగ్గర కూడా తెమిలేది కాదు.

మిగతా ప్యాకర్లు రెండు గదుల ఇంటిని గంటన్నరలో కట్టి పడేస్తారు. బావకి మూడు గంటలు కావాలి. గాజు గ్లాసు ఒక్కోదానికి ఒక్కో కాగితం. బీరువా పిడులు విప్పి, చిన్న సంచిలో వేసి, ఆ సంచిని అదే బీరువా లోపల అతికిస్తాడు. వైర్ల విషయంలో మాత్రం పూర్తిగా తిరకాసు. ఏ వైరు దేనికి తగిలించి ఉందో దాన్ని విప్పడు. డబ్బా, వైరు, దాని బ్యాటరీ అన్నీ ఎలా ఉన్నవి అలాగే కలిపి చుట్టేస్తాడు. విప్పితే కొత్త ఇంట్లో ఏది ఎక్కడ పెట్టాలో తెలియక మొగుడూ పెళ్ళాం మొదటి రోజే తిట్టుకుంటారట. ఎన్ని కాపురాలు నా టేపు మీద నిలబడ్డాయో నీకేం తెలుసు మరదలా అంటాడు. నిదానమే ప్రధానం అని ఆయన, ఆలస్యం అమృతం విషం అని నేను. ఈ రెండు సామెతలూ మా ఇంట్లో అరిగిపోయాయి.

ఇంకోటి కూడా ఉంది. ప్రతి పెట్టెకీ నంబరు వేసి, లోపల ఏముందో ఒక కాగితం మీద వరసగా రాసి, ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపిస్తాడు. వచ్చిందా అని అడుగుతాడు. వచ్చింది అంటాను. అంతే. ఆరేళ్ళలో ఒక్కటి కూడా తెరిచి చూసిన పాపాన పోలేదు. పెట్టెలో ఏముంటే నాకెందుకు, లారీ టైముకి కదిలిందా లేదా, అదే నాకు కావలసింది.

ఆ వేసవిలో నేను ఒక పని చేశాను, అది కూడా చెప్పెయ్యాలి. బావని పెద్ద ఇళ్ళ పనుల్లోంచి తీసెయ్యమని మా యజమానితో చెప్పాను. బంధువు కదా అని మొహమాటపడకండి, ఆయన వల్ల లారీలు ఆలస్యమవుతున్నాయి అన్నాను. సరే, ఈ నెల చూద్దాం అన్నాడాయన. ఈ సంగతి బావకి తెలియదనే నా ధీమా. తెలుసని తర్వాత తెలిసింది. అందుకే ఆ నెలంతా ఆయన ఆయాసం దాచుకుని పనిచేశాడు. మెట్లెక్కి వచ్చాక ఎవరూ చూడకుండా ఒక మూల రెండు నిమిషాలు కూర్చుని, ఊపిరి సర్దుకుని, ఏమీ జరగనట్టు లేచి వచ్చేవాడట. మిగతావాళ్ళందరికీ తెలుసు. నాకు చెప్పకూడదని ఆయన ఒట్టు వేయించుకున్నాడు.

ఇక ఆ రోజు సంగతి. మా దగ్గర పొద్దున్న ఎనిమిది నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా లారీలు ఊళ్ళో తిరగకూడదు. పట్టుకుంటే సామానుతో సహా ఆపేస్తారు. ఆ ఇల్లేమో ఊరి నడిబొడ్డున, పై అంతస్తులో. వాళ్ళు మారే ఇల్లు అవతలి కొసన. తెల్లారకముందే మొదలుపెట్టి, ఎనిమిదిలోగా లారీ ఊరు దాటి, బయట ఎక్కడైనా ఆగి, పన్నెండు తర్వాత మళ్ళీ లోపలికి రావాలి. మా లారీ రిపేరులో ఉండటంతో ఒక డబ్బా లారీని అద్దెకి మాట్లాడాను. నాలుగు వైపులా, పైన కూడా ఇనప రేకే, వెనక రెండు తలుపులు. డ్రైవరు మాకు కొత్త. బావ, ఇద్దరు మోతవాళ్ళు. అంతే మనుషులు.

ఏడూ ముప్పై అయిదుకి ఇంట్లోంచే డ్రైవరుకి ఫోన్ చేశాను. సామాను ఎక్కిందన్నాడు. అందరూ దిగారా అంటే, దిగినట్టే ఉన్నారన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

“దిగినట్టే ఏంటి? ఎనిమిది కొడితే లారీ ఆపేస్తారు. తలుపులేసి కదులు ముందు.”

నేనన్నది అదే. అక్షరం అటూ ఇటూ కాకుండా గుర్తుంది.

బావ దిగలేదు. బీరువా అద్దం ఊగకుండా ఇంకో తాడు కడదామని ఆఖర్న ఎక్కాడు. కట్టాక ఊపిరి అందలేదు. ఫ్రిజ్ వెనక చేరగిలబడి కూర్చున్నాడు, అలవాటు ప్రకారం రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లోనే తలుపులు పడ్డాయి. ఆయన డ్రైవరు పక్కన కూర్చున్నాడనుకున్నారు మోతవాళ్ళు. మోతవాళ్ళ మోటారు సైకిలు మీద వెళ్ళాడనుకున్నాడు డ్రైవరు. ఆయన సంచి మాత్రం నిజంగానే మోటారు సైకిలు మీద వెళ్ళిపోయింది. ఉబ్బసానికి నోట్లో కొట్టుకునే ఇన్‌హేలరూ, నీళ్ళ సీసా అందులోనే ఉన్నాయి.

తొమ్మిదీ అయిదుకి అక్క ఫోను మోగింది. రెండు ముక్కలు విని, పాలిపోయిన మొహంతో నా చేతికిచ్చింది. బావ గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. లారీ చాలాసేపు నడిచిందని, నడిచినంతసేపూ ఫోను కలవలేదని, ఆగి ఇరవై నిమిషాలైందని, డ్రైవరు దిగిపోయిన చప్పుడైందని, ఎంత బాదినా ఎవరూ పలకటం లేదని చెప్పాడు. రెండు తలుపుల మధ్య సందు దగ్గర ఫోను పెడితేనే కాస్త సిగ్నల్ వస్తోందట. మాటకీ మాటకీ మధ్య ఈల వేసినట్టు ఊపిరి. ఆ ఈల నాకు తెలుసు. వర్షాకాలం రాత్రుళ్ళు గోడ అవతల నుంచి వినిపించేది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. డ్రైవరుకి చేశాను. మోగుతోంది, ఎత్తడు. మళ్ళీ చేశాను. ఇంతలో అక్క ఫోన్లోంచి బావ, ముందు క్యాబిన్లో ఏదో ఫోను మోగుతోందే అన్నాడు. ఆ మహానుభావుడు ఫోను ఛార్జింగుకి పెట్టి వెళ్ళిపోయాడన్నమాట. పన్నెండు దాకా కదిలే పని లేదు కదా, నిమ్మకు నీరెత్తినట్టు ఎక్కడో స్నానం చేసి పడుకుని ఉంటాడు. పన్నెండు అంటే ఇంకా మూడు గంటలు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఇనప డబ్బాలో, నీళ్ళు లేకుండా, మందు లేకుండా మూడు గంటలు ఉబ్బసం మనిషి బతుకుతాడా అని అక్క అడగలేదు. నావైపు చూసింది, అంతే.

లొకేషన్ పంపించు బావా అన్నాను. ఆయన సందు దగ్గర కూర్చుని నాలుగుసార్లు తంటాలు పడ్డాక వచ్చింది. తెరిచి చూద్దును కదా, నీలం చుక్క సరిగ్గా ఖాళీ చేసిన ఇంటి మీదే ఉంది. వీధి అదే, మలుపు అదే. హమ్మయ్య అనుకున్నాను. లారీ అసలు కదలనే లేదు, ఆ డ్రైవరు వెధవ అక్కడే పెట్టేసి చెక్కేశాడు, దొరికితే చెబుతాను వాడి పని అని నాలో నేనే తిట్టుకున్నాను. లారీ కదిలింది, గంటకి పైనే నడిచింది అంటాడు బావ. ఊపిరాడక అలా అనిపించి ఉంటుందిలే అన్నాను. మనిషి మాట కాదని చుక్క మాట నమ్మాను. అత్యవసరానికి చేసే నంబరుకి ఫోన్ చేసి, ఆ ఇంటి అడ్రసే వాళ్ళకీ చెప్పాను. నేను తప్పుదారి పట్టిందే కాక పోలీసుల్ని కూడా పట్టించానన్నమాట.

స్కూటరు మీద నేను ముందు, అక్క వెనక. ముప్పావు గంట. ఎర్రలైటు పడ్డ ప్రతిచోటా నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. నా నడుముకి ఏదో గట్టిగా గుచ్చుకుంటోంది, ఏంటది అని అడిగే ఓపిక కూడా లేదు.

ఆ వీధిలో లారీ లేదు. గేటుకి తాళం. రోడ్డు మీద కాసిని కాగితం ముక్కలు, టేపు చుట్ట లోపలి అట్ట గొట్టం ఒకటి, లారీ నిలబడ్డచోట కారిన నూనె మరక. అప్పటికే పోలీసు జీపు వచ్చి ఆగి ఉంది. లారీ ఎక్కడమ్మా అని అడిగాడు పోలీసాయన. బావకి చేసి, మళ్ళీ పంపించు అన్నాను. పంపించాడు. చుక్క అక్కడే ఉంది. నేను నా ఫోను చూసుకున్నాను, నా చుక్కా అక్కడే. రెండూ ఒకదాని మీద ఒకటి. చుక్క మీద నిలబడి ఉన్నాను, బావ లేడు.

నీకేం వినిపిస్తోందని అడిగాను. పెద్ద బళ్ళ హారన్లు, ఇనుము మీద సుత్తి దెబ్బలు అన్నాడు. ఈ వీధిలో కుక్క మొరిగిన చప్పుడు కూడా లేదు. ఫోను ఛార్జింగు పధ్నాలుగు శాతానికి వచ్చిందన్నాడు. టైమెంతైందో చెప్పినట్టు, ఎంత చల్లగా చెప్పాడో. నేను కాలు కాలిన పిల్లిలా ఆ గేటు ముందు అటూ ఇటూ తిరిగాను. పోలీసాయన పాపం మంచివాడే. టవరు లెక్కన ఎక్కడుందో కంపెనీవాళ్ళని అడుగుతాం, కానీ అది చిటికెలో అయ్యే పని కాదు, వచ్చినా కిలోమీటర్ల లెక్కన వస్తుంది అన్నాడు. ఊరి చుట్టూ రోడ్డు మీద గస్తీ తిరిగే బండికి లారీ నంబరు చెప్పాడు. ఆ రోడ్డు అరవై కిలోమీటర్లు. ఆ టైములో దాని పక్కన ఆగి ఉండే లారీలు వేలల్లో ఉంటాయి.

అప్పుడు గుర్తొచ్చాడు ఫోన్ల డాక్టరు. మా సందు చివర ఫోన్లు బాగుచేసే పెద్దాయన్ని అందరం అలాగే పిలుస్తాం. బావ ఫోనుకి పోయిన నెలే బ్యాటరీ మార్చాడు. చేసి, ఏడుపూ తిట్లూ కలిపి సంగతి చెప్పాను. ఆయన నిదానంగా విన్నాడు. ఈ నిదానం మనుషులంటే నాకు ఎప్పుడూ మంటే, ఆ రోజు మాత్రం నోరు మూసుకుని విన్నాను.

ఫోనుకి ఆకాశం కనపడాలమ్మా అన్నాడు. ఇనప రేకు కింద ఉపగ్రహాల సిగ్నల్ అందదు. అందనప్పుడు ఫోను చేతులెత్తెయ్యదు, చుట్టుపక్కల టవర్లూ, ఇళ్ళల్లో ఉండే వైఫై డబ్బాలూ ఏం పలుకుతున్నాయో వింటుంది. ఏ డబ్బా ఏ వీధిలో ఉంటుందో ముందే రాసి పెట్టుకున్న పట్టీ ఒకటి ఉంటుంది. ఫలానా డబ్బా వినిపిస్తోంది, అది ఫలానా ఇంట్లోది, అయితే నేనూ ఆ ఇంటి దగ్గరే ఉన్నానని అనుకుంటుంది.

“దానికి కళ్ళు లేవమ్మా, చెవులే. పక్కన ఎవరు అరిస్తే వాళ్ళ మాటే నమ్ముతుంది. వైఫైలో ఏం పేర్లు కనపడుతున్నాయో ఆయన్ని చదవమను.”

బావకి చేశాను. చదివాడు. ఒకే ఒక్క పేరుంది. ‘అడగొద్దు’ అని ఉంది, గీతలు నిండుగా ఉన్నాయి అన్నాడు. ఆ పేరు నాకు తెలుసు. సామాను ఎంతుందో చూడటానికి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు వైఫై పాస్‌వర్డు అడిగితే, ఆ ఇంటావిడ నవ్వి, పేరులోనే ఉంది చూడండి అంది. వచ్చినవాళ్ళందరూ అడుగుతుంటే విసిగిపోయి ఆవిడ భర్త అలా పెట్టాడట.

డాక్టరుకి చెప్పాను. ఇనప డబ్బాలో బయటి సిగ్నలేదీ సరిగ్గా రావటం లేదంటున్నావు, అదొక్కటీ నిండుగా ఎలా వస్తుంది, అది లోపలే ఉంది అన్నాడు. కానీ కరెంటు లేకుండా ఎలా పలుకుతోందమ్మా అని ఆయనే మళ్ళీ అనుమానపడ్డాడు.

ఆయనకి తెలియకపోవచ్చు, నాకు తెలియాలి. ఆరేళ్ళుగా తిడుతున్నది అందుకే కదా. ఫోన్లో బావ పొద్దున్న పంపిన కాగితం ఫొటో తెరిచాను. అరవై రెండు పెట్టెలు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. వేలితో జరుపుకుంటూ పోయాను. నలభై ఒకటి: హాలు. టీవీ బల్ల కింది సామాను. వైఫై డబ్బా, దాని బ్యాటరీ. విప్పలేదు.

కరెంటు పోయినా నాలుగైదు గంటలు వైఫైని నడిపే చిన్న బ్యాటరీ డబ్బా ఉంటుందే, అది. దాన్ని వైఫై డబ్బాతో కలిపి, పిన్ను కూడా లాగకుండా, మా టేపు బావ శ్రద్ధగా చుట్టి పెట్టాడు. అది లారీ ఎక్కి, ఊరు దాటి వెళ్ళి, ఇప్పటికీ నేను ఫలానా ఇంట్లోనే ఉన్నానని ఆయన చెవి పక్కనే అరుస్తోంది. ప్రపంచంలో ఇంకే ప్యాకరైనా దాన్ని పీకి పారేసేవాడు.

బావా, నలభై ఒకటి తెరిచి అందులో వైఫై వైరు పీకెయ్యి అన్నాను. అప్పుడా మనిషి ఏమన్నాడో తెలుసా?

“కస్టమరు లేకుండా పెట్టె తెరవకూడదు కదమ్మా.”

చచ్చిపోతున్నాడు. గొంతులో ఈల తప్ప గాలి లేదు. ఇంకా రూలు చెబుతున్నాడు. ఆ వీధి వీధంతా వినపడేలా అరిచాను. పోలీసాయన కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. కస్టమరు కాళ్ళు నేను పట్టుకుంటాను, నీకు దండం పెడతాను, తెరువు అన్నాను. అది లోపలెక్కడో సోఫా వెనక అడుగున ఉందని, తలుపు దగ్గర్నుంచి కదిలితే ఫోను తెగిపోతుందని చెప్పి, సరే అన్నాడు. తెగిపోయింది.

ఏడు నిమిషాలు. చీకట్లో, ఊపిరాడని మనిషి, సోఫా ఎక్కి, పెట్టెలు జరిపి, తను వేసిన మూడు వరసల టేపుని గోళ్ళతో చీల్చాలి. కత్తి కూడా ఆ సంచిలోనే పోయింది. నేను ఫోను వైపు చూస్తూ ఆ నూనె మరక చుట్టూ తిరిగాను. మా అక్క మొగుణ్ణి నేను చంపుతున్నాను అనుకున్నాను. తలుపులెయ్యమన్నది నేనే అని అక్కకి చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. అక్క గేటుకి ఆనుకుని నిలబడి పెదవులు కదుపుతోంది, లెక్కపెడుతోందో, మొక్కుతోందో. నాకు ధైర్యం చాల్లేదు.

ఫోను మోగింది. ముందు మాట లేదు, దగ్గు. తర్వాత, ఆ పేరు పోయింది, ఫోను సందులోకి దూర్చి పట్టుకుంటే వేరే రెండు వచ్చాయి, సన్నగా ఉన్నాయి అన్నాడు. ఒకటి ‘కాటా ఆఫీసు’, ఇంకోటి ఏదో టైర్ల కొట్టు. లొకేషన్ పంపించు, పంపించు అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వచ్చింది. ఈసారి చుక్క ఊళ్ళో లేదు. ఊరి బయట రోడ్డు మీద, లారీలు తూచే కాటా దగ్గర, చుట్టూ కంచమంత వలయంతో ఉంది. మళ్ళీ చేస్తే బావ ఫోను పలకలేదు.

పోలీసాయన అప్పటికే గస్తీ బండికి చెబుతున్నాడు. మేం ఆయన జీపు ఎక్కలేదు, ఆ సంగతి నాకు తోచనే లేదు. స్కూటరు తిప్పాను. పద్దెనిమిది కిలోమీటర్లు ఎలా పోయానో చెప్పమంటే చెప్పలేను.

కాటా పక్కన మైదానంలో లారీలు వరసలు వరసలుగా ఉన్నాయి. గస్తీవాళ్ళు మాకంటే రెండు నిమిషాల ముందే వచ్చి నంబర్లు చూసుకుంటూ వెళ్తున్నారు. మూడో వరసలో దొరికింది మా లారీ. తలుపులకి తాళం. టైర్ల కొట్టాయన ఇనప గడ్డపార పట్టుకుని పరిగెత్తుకొచ్చి రెండు దెబ్బల్లో విరగ్గొట్టాడు. తలుపు తీసేసరికి లోపల్నుంచి వచ్చిన వేడి మొహానికి కొట్టింది. తలుపుకి ఆనుకుని ఉన్న బావ ఆ కొట్టాయన భుజం మీదకి ఒరిగిపోయాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. గోళ్ళు చిట్లి రక్తం.

అక్క గుప్పిట విప్పింది. ఇంట్లో ఉండే రెండో ఇన్‌హేలర్. దారి పొడుగునా నా నడుముకి గుచ్చుకున్నది అదే. రెండుసార్లు నోట్లో కొట్టింది, వీపు నిమిరింది, మళ్ళీ కొట్టింది. కొంతసేపటికి ఆయన రొమ్ము లోపలికి వెళ్ళి బయటికి రావడం కనపడింది. కళ్ళు తెరిచి, నీళ్ళు అడిగాడు. గస్తీవాళ్ళు అంబులెన్సుకి చెప్పారు.

గోలకి డ్రైవరు తడి తలతో, భుజం మీద తువ్వాలుతో వచ్చాడు. సంగతి అర్థమయ్యాక వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. లోపల మనిషున్నాడో లేదో చూడకుండా తలుపులెలా వేశావని గస్తీ ఆయన గదమాయించాడు. ఆఫీసు నుంచి ఎవరో ఆవిడ వెయ్యమందండీ, స్పీకరులో అందరూ విన్నారు అన్నాడు వాడు. వాడు నన్ను ఎప్పుడూ చూడలేదు. నేను వాడికి మూడడుగుల దూరంలో ఉన్నాను.

నేల మీద పడుకున్న బావ చెయ్యెత్తాడు. తనే దిగిపోయానని చెప్పి, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ ఎక్కానని, తప్పంతా తనదేనని, ఆఫీసువాళ్ళని ఏమీ అనొద్దని, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. నావైపు చూడలేదు. డ్రైవరు ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడాడని, నా గొంతు ఆయనకి రేకు గోడ లోపలికి వినపడిందని అప్పుడు అర్థమైంది. వినపడినా పిలవడానికి ఊపిరి లేదు. పొద్దున్నుంచి అన్నిసార్లు ఫోన్లో మాట్లాడాడు, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

సిగ్గుతో నాకు ఒళ్ళు చచ్చిపోయింది. ఇంక దాచలేకపోయాను.

“నేనే అక్కా. తలుపులెయ్యమంది నేనే. అందరూ దిగారో లేదో కనుక్కోలేదు.”

అక్క ఇన్‌హేలర్‌కి మూత పెట్టింది. లేచి నా దగ్గరికి వచ్చింది.

“తెలుసు. పొద్దున్న నువ్వు అంటుంటే వంటింట్లోంచి విన్నాను. ఆయన ఫోన్ రాగానే అర్థమైంది. అప్పుడే నిన్ను తిడితే నీ చేతులు వణుకుతాయి. వెతకడానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. అందుకని నోరు మూసుకున్నాను. ఇప్పుడు దొరికాడు.”

అని చెంప మీద కొట్టింది. చిన్నప్పుడు కూడా అక్క నన్ను కొట్టలేదు. లారీలవాళ్ళు, టైర్ల కొట్టాయన, పోలీసులు, అందరూ చూస్తున్నారు. నేను కదల్లేదు. ఇంకోటి కొట్టినా బాగుండుననిపించింది.

అంబులెన్సు వచ్చింది. బావని ఎక్కించారు. ఒక్కరే ఎక్కాలి లోపల అన్నాడు అందులో మనిషి. అక్క మెట్టు మీద కాలు పెట్టి, తీసేసింది. నన్ను కొట్టిన చేత్తోనే నా మణికట్టు పట్టుకుని ముందుకు లాగింది.

“నువ్వెక్కు. ఆసుపత్రిలో వాళ్ళడిగేవాటికి నువ్వే జవాబు చెప్పగలవు. నేను గస్తీ బండిలో వెనకాలే వస్తాను.”

ఎక్కాను. తలుపు వేసేముందు ఆ మనిషి, లోపల ఎంతమంది అని అడిగాడు. ఇద్దరం అని చెప్పాను.